స్మాష్‌ను ముక్కలు చేసి నేర్పవచ్చునా: ఒక వ్యాయామ ఉపాధ్యాయునికి సమాధానం

మీరు అడిగినదాని సారాంశం ఇది. కావలి దగ్గరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మీరు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నారు. స్మాష్‌ను, అంటే ఎగిరి బంతిని నెట్ మీదుగా బలంగా కొట్టడాన్ని, పరుగు, ఎగరడం, చేయి విసరడం, బంతిని తాకడం అని నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా చాలా రోజులు చేయించారు. విడిగా చేయమంటే ప్రతి పిల్లవాడూ చక్కగానే చేస్తున్నాడు. లిఫ్ట్ ఇచ్చి, అంటే కొట్టడానికి వీలుగా బంతిని నెట్ దగ్గర పైకి లేపి, నాలుగింటినీ కలిపి కొట్టమంటే మాత్రం ఒకడు బంతి రాకముందే ఎగురుతున్నాడు, ఇంకొకడు బంతి కిందికి వెళ్లిపోయి నెత్తి వెనక కొడుతున్నాడు. మోచేయి వంగింది, మోకాలు వంగలేదు అని మీరు సరిదిద్దినకొద్దీ ఆట మరింత బిగుసుకుపోతున్నది. దీనికి తోడు, నిరుడు అందరికన్నా బాగా కొట్టిన ఒక అబ్బాయి వేసవి సెలవుల్లో బాగా పొడుగై తిరిగివచ్చి, ఇప్పుడు బంతిని సరిగా అందుకోలేకపోతున్నాడు. భాగాల సాధన ఇంకెన్నాళ్లు చేయించాలి, ఏ తప్పును ముందు దిద్దాలి, ఆ అబ్బాయిని ఏం చేయాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి విరమించినవాడిగా ముందు నా అభిప్రాయం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఒళ్లంతా ఒక్కసారిగా పాల్గొనే కదలికను విడదీయకూడదు. దాన్ని మొత్తంగానే ఉంచి సులభం చేయాలి. విడదీయడమూ సులభం చేయడమూ ఒకటేనని మన శిక్షణలలో చాలాకాలంగా అనుకుంటూ వస్తున్నారు. ఆ పొరపాటు వల్లనే మీ పిల్లలు స్మాష్‌కు దూరపు చుట్టరికం మాత్రమే ఉన్న నాలుగు వేర్వేరు పనులను శ్రద్ధగా నేర్చుకున్నారు. వారిలో లోపమేమీ లేదు, మీరు నేర్పినదాన్ని వారు బాగానే పట్టుకున్నారు.

స్మాష్‌లో ఒక భాగం మరొక భాగాన్ని ఎలా పట్టుకొని ఉంటుందో చూద్దాం. కుడిచేతివాటం పిల్లవాడు చివరి మూడు అడుగులు ఎడమ, కుడి, ఎడమ అని వేస్తాడు. అందులో కుడి అడుగు పొడుగ్గా, మడమ ముందు ఆనేలా పడుతుంది. ఎడమ అడుగు పొట్టిగా, వెంటనే దాని పక్కకు కాస్త ముందుగా వచ్చి ఆగుతుంది. ఆ పొడుగు అడుగు పడుతున్నప్పుడే రెండు చేతులూ వెనక్కి పోతాయి. ముందుకు వస్తున్న వేగాన్ని కాళ్లు ఆపేటప్పుడు తొడ, పిక్క కండరాలూ వాటిని ఎముకలకు కలిపే స్నాయువులూ సాగుతాయి. సాగిన వెంటనే కుదించుకుంటే ఆ సాగుదలలో దాచుకున్న బలం ఎగరడానికి తోడవుతుంది, క్షణం ఆలస్యమైతే అది వృథా అవుతుంది. అదే సమయంలో వెనకనుంచి పైకి విసిరిన చేతులు నేలమీద కాళ్ల ఒత్తిడిని పెంచి, ఎగిరే ఎత్తును చెప్పుకోదగినంత పెంచుతాయి. ఇక, నిలబడి మోకాళ్లు వంచి ఎగిరే సాధనలో ఏముంది? పరుగు వేగం లేదు, ఆ వేగాన్ని ఆపే పని లేదు, సాగి వెంటనే కుదించుకునే అవసరం అంతగా లేదు. పిల్లవాడు వంద సార్లు అలా ఎగిరితే నిలబడి ఎగరడంలో ఆరితేరుతాడు. పరుగెత్తి వచ్చి ఎగరవలసినప్పుడు అతనికి ఆ అలవాటు అడ్డమే వస్తుంది, ఎందుకంటే అతని ఒళ్లు పరుగుకూ ఎగరడానికీ మధ్య ఒక చిన్న విరామాన్ని నేర్చుకొని కూర్చున్నది.

చేతి విసురు సంగతి ఇంకా విచిత్రమైనది. నేలమీద నిలబడి గోడకు బంతి కొట్టేటప్పుడు పాదాలకు నేల ఆసరా ఉంటుంది. మొండెం ముందుకు తిరిగితే ఆ తిరుగుడుకు నేల ఎదురు నిలుస్తుంది. గాలిలో ఉన్నవాడికి ఆసరా ఏమీ లేదు. నేలను వదిలిన క్షణంలో ఒంటికి ఎంత తిరుగుడు ఉందో దిగేదాకా మొత్తంమీద అంతే ఉంటుంది, కాబట్టి చేయీ మొండెమూ ముందుకు జోరుగా వంగితే కాళ్లు దానికి ఎదురుగా ముందుకు రాక తప్పదు. మంచి ఆటగాడు ఎగిరినప్పుడు విల్లులా వెనక్కి వంగడం, మడమలు వెనక్కి మడుచుకోవడం, కొట్టేటప్పుడు కాళ్లు ముందుకు రావడం అన్నీ ఒకే లెక్కలోని జమాఖర్చులు. అందువల్ల గాలిలో కాళ్లు ఊపవద్దని అరిచే సలహాను మానేయండి. దాన్ని పాటించాలంటే పిల్లవాడు చేతి బలాన్ని చంపుకోవడం తప్ప మరో దారి లేదు.

నిలబడి చేసే చిన్న పనిలో కూడా ఒళ్లంతా ముందుగానే సిద్ధపడుతుందని 1967లో సోవియట్ శాస్త్రవేత్తలు కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచి చూపారు. నిలబడ్డ మనిషిని చేయి చటుక్కున పైకెత్తమంటే, భుజం కండరం పని మొదలుపెట్టడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తొడ వెనకభాగపు కండరం బిగుసుకుంటుంది. చేయి లేస్తే ఒళ్లు తూలుతుంది కనుక, ఆ తూలుడు రాకముందే దానికి కట్టుదిట్టం జరిగిపోతుందన్న మాట. ఈ ముందస్తు ఏర్పాటు ఆ పనికీ ఆ నిలబడిన తీరుకూ సరిపోయేలా జరుగుతుంది. కూర్చొని చేయి ఎత్తేవాడి కాళ్లకు ఆ పని ఉండదు. విడిగా నేర్పిన భాగాలను తరువాత అతికిద్దామనుకున్నప్పుడు మనం మరచిపోయేది సరిగ్గా దీన్నే. భాగాల మధ్య ఉండే ఈ ఏర్పాట్లే అసలు నేర్పు, అవి భాగాల లోపల ఎక్కడా దొరకవు.

ఇక సమయం. మీ తొమ్మిదో తరగతి పిల్లవాడు 45 సెంటీమీటర్లు ఎగురుతాడనుకుంటే, పైకి చేరడానికి సుమారు 0.3 సెకను, దిగడానికి మరో 0.3 సెకను పడుతుంది. అందులో సగం కాలం, అంటే దాదాపు 0.3 సెకను, అతను పైనున్న పదకొండు సెంటీమీటర్ల మేరలోనే గడుపుతాడు. మంచి ఆటగాళ్లు గాలిలో ఆగినట్టు కనిపించడానికి కారణం అదే. కంటితో చూసి, దానికి తగ్గట్టు కదలడం మొదలుపెట్టడానికి మనిషికి 0.2 సెకను దాకా కావాలి. కాబట్టి ఎగిరిన తరువాత దిద్దుకోవడానికి మిగిలేది చాలా తక్కువ, నిర్ణయం పరుగులోనే జరిగిపోవాలి. లిఫ్ట్ చేసేవాడి చేతిని వదిలిన బంతి ఎంత ఎత్తుకు పోతున్నది, ఏ వైపు వాలుతున్నది అన్నదాన్ని చూస్తూ కాళ్లు తమ అడుగుల పొడవునూ వేగాన్నీ మార్చుకుంటూ రావాలి. బంతి లేకుండా, నేలమీద సున్నపు గీతలు గీసి, వాటిపై అడుగులు వేయించే సాధనలో కన్నుకూ కాలుకూ ఉండవలసిన ఈ ముడి పూర్తిగా తెగిపోతుంది. అడుగుల వరుస తెలియడానికి ఒకటి రెండు రోజులు గీతలు వాడండి, తప్పు లేదు, తరువాత చెరిపేయండి.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ప్రభావితం చేసినవాడు నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే సోవియట్ శరీరశాస్త్రవేత్త. ఆయన 1896లో పుట్టి 1966లో మరణించాడు. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో, సుత్తితో ఉలిని కొట్టే పనివాళ్ల కీళ్లకు చిన్న దీపాలు కట్టి, వాటి జాడలను ఫోటోలుగా తీశాడు. చేయి తిరిగిన పనివాడి ప్రతి దెబ్బలోనూ భుజం, మోచేయి, మణికట్టు ఒకే దారిలో కదులుతాయని ఎవరైనా అనుకుంటారు. ఫోటోలలో అలా కనిపించలేదు. సుత్తి తల వెళ్లే దారి దెబ్బదెబ్బకూ దాదాపు ఒకటిగానే ఉండగా, కీళ్ల దారులు మాత్రం అంతకన్నా ఎక్కువగా మారుతూ వచ్చాయి. అంటే భుజం ఈసారి కాస్త అటుపోతే, దాన్ని మోచేయీ మణికట్టూ సర్దుకొని ఫలితాన్ని కాపాడుతున్నాయి. చీమకుర్తి వైపు సుత్తితో రాయి కొట్టే అనుభవజ్ఞుడు ఎవరైనా దొరికితే కాసేపు గమనించండి: పొద్దున ఒళ్లు తాజాగా ఉన్నప్పటి దెబ్బకూ సాయంత్రం అలిసినప్పటి దెబ్బకూ ఒంటి తీరు తేడాగా ఉంటుంది, సుత్తి మాత్రం పడవలసిన చోటనే పడుతుంది. సాధన అంటే ఒకే జవాబును వల్లె వేయడమని బెర్న్‌స్టైన్ ఒప్పుకోలేదు. ఆ జవాబుకు చేరే పనిని ప్రతిసారీ కొత్తగా చేయడమే సాధన అన్నాడు. మీరు పిల్లలందరి మోచేతులూ ఒకే కోణంలో ఉండాలని పట్టుబడుతున్నారు కాబట్టి ఈ మాటను ప్రత్యేకంగా మీ ముందు పెడుతున్నాను.

బెర్న్‌స్టైన్ ఎత్తిచూపిన మరో చిక్కు కూడా మీ మైదానంలో రోజూ కనిపించేదే. చీలమండ, మోకాలు, తుంటి, వెన్ను, భుజం, మోచేయి, మణికట్టు ఒక్కొక్కటీ పలు దిక్కుల్లో కదలగలవు. అన్నింటినీ ఒక్కొక్కటిగా అదుపు చేయాలంటే ఏ మెదడుకూ శక్యం కాదు. కొత్తవాడు దీనికి కనిపెట్టే ఉపాయం కొన్ని కీళ్లను బిగబట్టుకోవడం. మోకాళ్లు కర్రల్లా పెట్టి, మొండెం తిప్పకుండా, భుజంతో మాత్రమే కొట్టే పిల్లవాడు మొండివాడూ కాడు, భయస్థుడూ కాడు. తాను అదుపు చేయగలిగినంత మేరకే ఒంటిని తెరిచి ఉంచాడు. 1992లో అచ్చయిన ఒక ప్రయోగంలో, వంపు తిరిగిన పట్టాలపై అటూ ఇటూ జారే చిన్న వేదిక మీద కొత్తవారిని నిలబెట్టి చూస్తే, మొదట్లో కాళ్లూ మొండెమూ బిగుసుకొని ఉండి, సాధన సాగినకొద్దీ కీళ్లు వదులై ఒకదానికొకటి స్వతంత్రంగా కదలడం కనిపించింది. అన్ని కదలికల్లోనూ ఇదే వరుస ఉంటుందని తరువాతి పరిశోధనలు చెప్పలేదు. అయినా ఒళ్లంతటి కదలికల్లో కొత్తవారి బిగువు చాలావరకు ఒక మజిలీ అనీ, తిట్టి వదిలించవలసిన దోషం కాదనీ మాత్రం నేను గట్టిగా చెబుతాను.

రామాయపట్నం, కొత్తపట్నం, మైపాడు తీరాలలో విసిరే వలను చేతబట్టిన మత్స్యకారుణ్ణి చూసే ఉంటారు. వలలో కొంత భాగం భుజంపైనా, కొంత చేతుల్లోనూ పట్టుకొని, నడుము తిప్పి, ఒంటి బరువును ఒక కాలినుంచి మరో కాలికి మార్చి వదిలితే, అంచున ఉన్న సీసపు గుళ్ల బరువుకు వల గుండ్రంగా విచ్చుకొని నీళ్లమీద పడుతుంది. మత్స్యకారుల పిల్లలకు ఎవరూ నడుము తిప్పడం ఒక వారం, చేయి వదలడం ఇంకో వారం నేర్పరు. చిన్న వల ఇస్తారు, పొడి ఇసుక మీద విసరమంటారు. వల చిన్నదైనా విసిరే పని పూర్తిగా విసిరే పనే. విచ్చుకున్న ఆకారం చూస్తే తప్పు ఎంతో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఒకపక్క ముడుచుకుంటే ఆ పక్క చేయి ముందో వెనకో వదిలిందని పిల్లవాడి ఒళ్లే పసిగడుతుంది. మనం శిక్షణ కళాశాలల్లో చదువుకొని వచ్చి మరచిపోయినదాన్ని వారు చదువుకోకుండానే పాటిస్తున్నారు.

ఇప్పుడు మీ మైదానానికి వద్దాం. పెద్దల పోటీలకు నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు, మీ పిల్లలకు నేర్చుకునే దశలో రెండు మీటర్లకు దించండి, పొట్టివారికి ఇంకా దించండి. నెట్ దించడానికి స్తంభాలు వీలు కాకపోతే రెండు గుంజల మధ్య తాడు కట్టినా చాలు. పరుగును చివరి రెండు అడుగులకు కుదించండి. లిఫ్ట్‌ను పిల్లలతో చేయించక మీరే రెండు చేతులతో, ప్రతిసారీ ఒకే ఎత్తుకు, నెట్‌కు ఒక అడుగు దూరంలో పడేలా వేయండి. ఈ మూడూ చేస్తే పని తేలికయింది, కానీ కన్ను, కాలు, నడుము, చేయి మధ్య ఉండవలసిన ముడులేవీ తెగలేదు. పిల్లవాడు కొట్టిన పది బంతుల్లో ఆరేడు అవతలి కోర్టులో పడుతున్నప్పుడు ఒకే ఒక్కదాన్ని కష్టం చేయండి: మూడో అడుగు కలపండి, లేదా బంతిని ఇంకాస్త ఎత్తుకు వేయండి, లేదా నెట్‌ను కొద్దిగా లేపండి. రెండింటిని ఒకేసారి మార్చితే ఏది బెడిసికొట్టిందో మీకూ తెలియదు, వాడికీ తెలియదు. పిల్లలు ఇచ్చే లిఫ్ట్ చివరి మెట్టు. అక్కడికి అందరూ ఒకే రోజు చేరరు, చేర్చాలని చూడవద్దు.

చెట్టు కొమ్మకు తాడుతో బంతి వేలాడదీసి కొట్టించే పద్ధతి మన వైపు బాగా వాడుకలో ఉంది. చేతిని పూర్తిగా చాపి, బంతిని ఒంటికి ముందు తాకడం తెలియడానికి అది కొన్నాళ్లు పనికివస్తుంది. కదలని బంతికి ఎప్పుడు ఎగిరినా ఒకటే కాబట్టి, ఎక్కువ రోజులు వాడితే మీరు ఇప్పుడు బాధపడుతున్న తొందర, ఆలస్యం రెండూ స్థిరపడతాయి. భాగాలుగా నేర్పగలిగినవి అసలు లేవా అంటే, ఉన్నాయి. ఒక పని పూర్తిగా ముగిసి, నిలదొక్కుకొని, మరొక పని మొదలయ్యేచోట విడదీయవచ్చు: స్మాష్ తరువాత నేలమీద దిగి వెంటనే రక్షణకు వెనక్కి వెళ్లడం అటువంటిది. రెండు కాళ్లమీద, మోకాళ్లు వంచి దిగడాన్నయితే విడిగా కూడా తప్పకుండా నేర్పండి, అది ఆటకన్నా ముందు మోకాళ్ల క్షేమానికి సంబంధించిన విషయం. సర్వీస్‌లో బంతి పైకి వేయడాన్ని విడిగా చేయించేవారున్నారు. కొట్టే ఉద్దేశం లేకుండా వేసిన బంతికీ, కొట్టడానికి వేసిన బంతికీ ఎంత తేడా ఉంటుందో పక్కనుంచి గమనిస్తే మీకే తెలుస్తుంది.

సరిదిద్దే మాటల గురించి. మోచేయి ఎత్తు, నడుము తిప్పు, మణికట్టు విరువు అని మీరు ఒంటి భాగాల పేర్లు చెప్పినప్పుడల్లా, తనంతట తాను సర్దుకోగల ఏర్పాటులోకి పిల్లవాడి బుద్ధి చేయి పెడుతుంది. 1998లో గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం, నేను పైన చెప్పిన జారే వేదికపైనే, కొందరిని తమ పాదం బలంపైనా, కొందరిని పాదం కింద ఉన్న చక్రాలపైనా దృష్టి పెట్టమన్నది. పాదానికీ చక్రానికీ మధ్య దూరం ఎంతో లేదు, అయినా చక్రాలపై దృష్టి పెట్టినవారే బాగా నేర్చుకున్నారు. ఆ తరువాత ఎన్నో ఆటల్లో ఇటువంటి ఫలితమే వచ్చింది. మీరు చేయవలసింది సులభం: అవతలి కోర్టులో వెనక మూల ఒక పట్టా పరిచి బంతిని దానిమీద పడేయమనండి. బంతి నెట్‌కు తగులుతుంటే చేయి చాపమని చెప్పకుండా, నెట్ పైన మూరెడు ఎత్తులో మరో తాడు కట్టి దాని మీదుగా కొట్టమనండి. చాలామంది చేయి దానంతట అదే చాచుకుంటుంది. నేర్పేవాడి తెలివి మాటల్లోకన్నా ఇటువంటి ఏర్పాట్లలోనే ఎక్కువగా కనిపిస్తుందని నా నమ్మకం.

ప్రతి బంతికీ వ్యాఖ్యానం చేయవద్దు. కదలిక నేర్చుకునేవారికి ప్రతి ప్రయత్నం తరువాత ఫలితం చెప్పడం కన్నా సగం ప్రయత్నాలకే చెప్పడం వల్ల నేర్పు ఎక్కువకాలం నిలిచిందని విన్‌స్టీన్, ష్మిట్ అనే పరిశోధకులు 1990లో చూపారు. ఎప్పుడూ చెప్పేవాడు పక్కన ఉంటే పిల్లవాడు తన ఒంటి మాట వినడం మానేస్తాడు. మీ ఊరి పాత ఆటగాళ్లను పిలిచి సలహా ఇప్పించేటప్పుడు కూడా కొంచెం జాగ్రత్త అవసరం. చేసే నేర్పు, చెప్పే జ్ఞాపకం మెదడులో వేర్వేరు ఏర్పాట్లు. మూర్ఛకు శస్త్రచికిత్స జరిగి కొత్త జ్ఞాపకాలు నిలవని ఒక అమెరికా రోగి, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడిపే పనిని రోజురోజుకూ మెరుగ్గా చేశాడు, కానీ ఆ పని ముందు చేసినట్టే అతనికి గుర్తు లేదు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని 1962లో వెల్లడించింది. అద్భుతంగా కొట్టే ఆటగాడు తాను ఎలా కొడుతున్నాడో చెప్పే మాట చాలాసార్లు తప్పుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. అటువంటివారిని మాట్లాడించకుండా ఆడించి, పిల్లల్ని చూడమనండి.

కాస్త కుదురుకున్న పిల్లలకు మార్పు కావాలి. కెర్, బూత్ అనేవారు 1978లో ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచిని గురికి విసిరించారు. ఒక జట్టు ఎప్పుడూ మూడు అడుగుల దూరం నుంచే విసిరింది, ఇంకొక జట్టు రెండు, నాలుగు అడుగుల నుంచి విసిరింది. చివర పరీక్ష మూడు అడుగుల నుంచి పెడితే, ఆ దూరంలో ఎన్నడూ విసరని జట్టే మెరుగ్గా చేసింది. మరుసటి ఏడు షీ, మోర్గన్ అనేవారు చేసిన ప్రయోగంలో, మూడు రకాల చేతి కదలికలను ఒకదాని తరువాత ఒకటిగా ముగించినవారు సాధన జరుగుతున్నంతసేపూ ముందున్నారు, కలగలిపి చేసినవారు పది రోజుల తరువాతి పరీక్షలో వారిని దాటారు. ఈ రెండోదాన్ని మాత్రం గుడ్డిగా మైదానానికి తేవద్దు. ఆటలతో జరిగిన తరువాతి ప్రయోగాల్లో ఆ తేడా ప్రయోగశాలలో వచ్చినంత స్పష్టంగా రాలేదు, అసలు కదలికే కుదరని పిల్లవాణ్ణి కలగాపులగం చేస్తే విసిగి మానేస్తాడు. కుదిరినవాడికి మాత్రం లిఫ్ట్ ఎత్తు, దూరం, కొట్టవలసిన మూల మార్చి మార్చి ఇవ్వండి. కావలి తీరంలో మధ్యాహ్నం దాటాక వీచే సముద్రపు గాలి బంతిని పక్కకు లాగుతుందని పిల్లలు ఫిర్యాదు చేస్తారు, కానీ అది ఖర్చు లేకుండా దొరికే మంచి సాధన. ఇసుకలో ఆడించడం గురించి నా అభిప్రాయం వేరు: ఇసుక కాలి కింద జారి, సాగిన కండరం తిరిగి ఇచ్చే బలాన్ని మింగేస్తుంది, కాబట్టి ఎగరడంలో సమయమే మారిపోతుంది. సరదాకు మంచిది, మట్టి కోర్టులో పోటీ ఉన్న వారంలో వద్దు.

సాధన ఎంతసేపు చేయించాలన్నదానికి జవాబు చిన్నది. ఆదివారం మూడు గంటలు ఆడించడం కన్నా రోజూ ముప్పావుగంట మేలు, ఆ ముప్పావుగంటలోనూ పూర్తి బలంతో ఎగిరే స్మాష్‌లు ముప్పై నలభైకి మించనవసరం లేదు. అలిసిన ఒళ్లు అలిసిన కదలికనే నేర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు, తెల్లవారి ఆరు గంటలకు మొదలుపెట్టి ఏడుకల్లా ముగించండి.

పొడుగైన అబ్బాయి విషయంలో కంగారు వద్దు. మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఏడాదికి తొమ్మిది, పది సెంటీమీటర్ల దాకా పెరగవచ్చు, అందులోనూ కాళ్లు ముందు పెరిగి మొండెం తరువాత పెరుగుతుంది. చేయి పొడవు నూటికి ఐదు వంతులు పెరిగితే, అదే వేగంతో దాన్ని భుజం చుట్టూ తిప్పడానికి కావలసిన ప్రయత్నం నూటికి పదిహేను వంతులకు పైగా పెరుగుతుంది. బలం అంత త్వరగా పెరగదు. నిరుటి ఒంటికి కుదిరిన సమయం ఈ ఏటి ఒంటికి కుదరదు. బంతిని తాకే ఎత్తు పెరిగింది కనుక పాత అలవాటు ప్రకారం పరుగు మొదలుపెడితే బంతి అతని చేతికి ఎప్పుడూ తప్పు చోటనే ఎదురవుతుంది. అతనికి పైన చెప్పిన మెట్లను మళ్లీ మొదటినుంచి, వేగంగా ఎక్కించండి: కొన్నాళ్లు మీ చేతి లిఫ్ట్, నిరుటికన్నా కాస్త ఎత్తుగా, రెండడుగుల పరుగు. నిరుడు ఇలా కొట్టేవాడివి కదా అనే మాట అతని ముందు ఎవరూ అనకుండా చూడండి, దానివల్ల అతను పాత ఒంటిని వెతుక్కుంటూ ఉంటాడు. మోకాటి చిప్ప కింద, కాలి ఎముక పైభాగంలో ఉండే బొడిపె దగ్గర నొప్పి ఉన్నదేమో అడగండి. పెరిగే వయసులో బాగా ఎగిరే పిల్లలకు అక్కడ నొప్పి రావడం మామూలే. వస్తే ఎగరడం తగ్గించి పాస్, సర్వీస్ ఆడించండి, తగ్గకపోయినా వాపు కనిపించినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఓర్చుకొని ఆడమనే సలహా మాత్రం ఇవ్వకండి.

చివరగా, నేర్చుకున్నారో లేదో తేల్చుకునే పద్ధతి కూడా మార్చండి. సాయంత్రం సాధన ముగిసేసరికి బాగా కొట్టడం ఆ పూట ఒళ్లు వేడెక్కి కుదురుకోవడాన్ని మాత్రమే చూపుతుంది. సెలవు గడిచి సోమవారం మైదానంలోకి వచ్చి ఒళ్లు సిద్ధం చేసుకున్న వెంటనే, మీరు ఒక్క మాటైనా చెప్పకముందు, ప్రతి పిల్లవాడికీ పది లిఫ్టులు ఇచ్చి ఎన్ని అవతలి కోర్టులో పడ్డాయో పేరు ఎదురుగా రాసుకోండి. ఎలా కొట్టాడన్నది రాయవద్దు. జోనల్ పోటీలకు జట్టును ఎంచేటప్పుడు కూడా శనివారం సాయంత్రపు ఆటను పక్కన పెట్టి ఆ సోమవారాల అంకెలనే చూడండి.